ఎవరితో పోల్చి మేటి? బేస్‌బాల్ దిగ్గజాల లెక్క

1932 జులైలో ఉత్తర అమెరికా పర్యటనకు వెళ్లిన డాన్ బ్రాడ్‌మన్, న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌ను కలిశాడు. అప్పటికి ఒకరికి 23 ఏళ్లు, మరొకరికి 37. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఆట చూశారు. క్రికెట్ ఎరిగిన వారికి బ్రాడ్‌మన్ పేరు వినగానే 99.94 గుర్తుకొస్తుంది. నిజానికి ఆయన గొప్పతనాన్ని చెప్పేది ఆ అంకె కాదు, దానికీ తర్వాతి వారి సగటుకూ మధ్య ఉన్న ఖాళీ. చాలాకాలం టెస్టులు ఆడిన మిగతా మహామహులు 60 దగ్గరే ఆగిపోయారు కాబట్టే 99.94కు అంత విలువ. బేస్‌బాల్‌లో అందరికంటే మేటి ఎవరన్న చర్చ కూడా అక్కడే మొదలవ్వాలి: ఆటగాడు తన కాలపు వారికి ఎంత దూరంలో నిలిచాడు? అయితే బేస్‌బాల్‌లో ఈ ప్రశ్న అడిగి ఊరుకుంటే కుదరదు. ఆ 'తన కాలపు వారు' ఎవరు, మైదానంలోకి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గుమ్మం బయటే నిలబెట్టారు అని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్న పట్టించుకోకుండా వేసిన జాబితాలే ఎక్కువ కావడంతో, నూరేళ్లుగా ఒకే పేరు పైన ఉంటూ వచ్చింది.

ఆట తెలియని వారి కోసం రెండు మాటలు చెప్పుకోవాలి. బేస్‌బాల్‌లో బ్యాటర్ గుండ్రటి కర్రతో గుండ్రటి బంతిని కొట్టాలి. అదీ ఎదురుగా ఉన్న లంబకోణపు మైదానంలోకే. వెనక్కీ పక్కకూ పోయిన బంతికి పరుగు లేదు. మైదానంలోని మూడు బేసులనూ వరసగా చుట్టి, బయల్దేరిన చోటికి (హోమ్) తిరిగి చేరితే ఒక పరుగు. పది ప్రయత్నాల్లో మూడుసార్లు బంతిని ఖాళీలోకి కొట్టి బేస్ చేరగలిగిన వాడు మంచి ఆటగాడు. ఆ లెక్కనే 0.300 బ్యాటింగ్ సగటు అంటారు. అంటే గొప్ప బ్యాటర్ కూడా పదికి ఏడుసార్లు విఫలమయ్యే ఆట ఇది. బంతి నేరుగా కంచె దాటితే హోమ్ రన్. క్రికెట్‌లో సిక్సర్‌తో పోల్చవచ్చు గానీ అంత తేలిగ్గా రాదు. ఒక సీజన్‌లో 40 కొడితే ఇప్పటికీ గొప్పే.

ఇప్పుడు 1920కి వెళ్దాం. అంతకు ముందు ఆటంతా ఒడుపు మీద నడిచేది. కర్రను కాస్త పైకి పట్టుకుని, బంతిని ఫీల్డర్ల మధ్యకు తోసి, పరుగెత్తి, బేసులు దొంగిలించడమే (బంతి విసిరే అదను చూసి తర్వాతి బేస్‌కు ఉరకడమే) విద్య. అందులో టై కాబ్‌ది అందెవేసిన చేయి. బోస్టన్ రెడ్ సాక్స్‌లో ఎడమచేతి పిచర్‌గా (బంతి విసిరేవాడిగా) మొదలైన రూత్ మాత్రం కర్ర చివర పట్టుకుని ఒళ్లంతా తిప్పి కొట్టేవాడు. 1919 డిసెంబరులో బోస్టన్ యజమాని అతడిని లక్ష డాలర్లకు న్యూయార్క్ యాంకీస్‌కు అమ్మేశాడు. మరుసటి ఏడాది రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు. అమెరికన్ లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న జార్జ్ సిస్లర్ కొట్టినవి 19. అంతెందుకు, ఆ లీగ్‌లో యాంకీస్ కాక ఉన్న ఏడు జట్లలో ఏ ఒక్క జట్టూ, ఆటగాళ్లందరివీ కలిపినా, 54 కొట్టలేకపోయింది. 1927లో 60 కొట్టినప్పుడూ ఇదే జరిగింది. ఆటలో ఒక మనిషికీ మిగతా లోకానికీ ఇంత ఖాళీ ఏర్పడిన సందర్భం బ్రాడ్‌మన్‌ది తప్ప మరొకటి చూపడం కష్టం.

దీనికి ఒక సందేహం జోడిస్తారు. 1920 ఆగస్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ కణతకు బంతి తగిలి మరుసటి రోజు చనిపోయాడు. మట్టి పట్టి, ఉమ్మి పూసి నల్లబడిన బంతితోనే ఆట సాగించే అలవాటు ఆ మరణంతో మారింది. మాసిన బంతిని తీసేసి తెల్లటిది ఇవ్వసాగారు. ఉమ్మి పూసి వేసే పిచ్ మీద నిషేధం కూడా ఆ ఏడాదే, సీజన్‌కు ముందే, మొదలైంది. రూత్ ప్రతాపమంతా ఈ మార్పుల పుణ్యమేనని కొందరి వాదన. అయితే చాప్‌మన్ మరణించే నాటికి ఆ సీజన్‌లో చాలా భాగం గడిచిపోయింది. పైగా తెల్ల బంతి రూత్‌కు ఒక్కడికే దక్కలేదు. అందరికీ దొరికిన అవకాశాన్ని ఒక్కడు అంతగా వాడుకున్నాడంటే అది అతడి ఖాతాలోకే వెళ్లాలి. దీనికి తోడు పిచర్‌గా 94 గెలుపులు, 1916లో లీగ్‌లోకెల్లా తక్కువ సగటు పరుగులు (ఆటకు 1.75) ఇచ్చిన రికార్డు ఉన్నాయి. కొట్టడంలో మొనగాడు, విసరడంలో అగ్రశ్రేణి వాడు ఒకే మనిషి కావడం అమెరికన్, నేషనల్ లీగుల్లో ఆ తర్వాత నూరేళ్లకు గాని మళ్లీ కనబడలేదు.

మొదటి ప్రశ్నకు జవాబు రూత్ అనడంలో వివాదం లేదు. చిక్కంతా రెండో ప్రశ్న దగ్గరే.

రూత్ 54 కొట్టిన ఆ 1920లోనే, ఫిబ్రవరిలో, కాన్సస్ సిటీలో రూబ్ ఫోస్టర్ ఆధ్వర్యంలో నీగ్రో నేషనల్ లీగ్ ఏర్పడింది. అది సరదాకు పెట్టుకున్న పోటీ లీగ్ కాదు. 1880ల నుంచి మేజర్ లీగుల (అగ్రస్థాయి లీగుల) యజమానులు, ఎక్కడా నిబంధనగా రాయకుండానే, నల్లజాతి ఆటగాళ్లకు తలుపు మూసేశారు. మూసిన ఆ తలుపు 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగేవరకూ తెరుచుకోలేదు. కాబట్టి రూత్ ఎదుర్కొన్న పిచర్లు అమెరికాలోని మేటి పిచర్లు కారు. అమెరికాలోని మేటి తెల్లజాతి పిచర్లు. ఈ తేడా ఎంత పెద్దదో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు, తలుపు తెరిచాక ఏం జరిగిందో చూస్తే చాలు. 1949 నుంచి 1959 వరకు నేషనల్ లీగ్‌లో ఏటా ఇచ్చే అత్యంత విలువైన ఆటగాడి పురస్కారాన్ని 11 ఏళ్లలో తొమ్మిదిసార్లు నల్లజాతి ఆటగాళ్లే గెలుచుకున్నారు: రాబిన్సన్, మూడుసార్లు రాయ్ కాంపనెల్లా, విల్లీ మేస్, డాన్ న్యూకాంబ్, హాంక్ ఆరన్, రెండుసార్లు ఎర్నీ బ్యాంక్స్. వీళ్లందరూ నీగ్రో లీగ్ జట్లలో ఆడి వచ్చినవాళ్లే. 1940లలో గుమ్మం బయట నిలబడి ఉన్నవాళ్ల స్థాయి ఇదైతే, 1920లలో బయట ఉన్నవాళ్లు మాత్రం తక్కువ వాళ్లని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

వారిలో అగ్రగణ్యుడు జాష్ గిబ్సన్. హోమ్‌స్టెడ్ గ్రేస్, పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ జట్లకు క్యాచర్. అంటే ఆటంతా బ్యాటర్ వెనక గొంతుకు కూర్చుని బంతులు పట్టాల్సిన, మోకాళ్లు అరగదీసే పని. ఆ పని చేస్తూనే అంతగా కొట్టిన వాడు మరొకడు లేడు. బేస్‌బాల్ మేటివారిని గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో అతడి ఫలకం మీద, లీగ్ ఆటల్లోనూ బయటి ఆటల్లోనూ కలిపి దాదాపు 800 హోమ్ రన్లు అని చెక్కి ఉంది. అధికారిక లీగ్ ఆటల్లో నమోదై తేలినవి మాత్రం 170కి కాస్త అటూ ఇటూ. ఈ రెండంకెల మధ్య దూరమే నీగ్రో లీగుల చరిత్ర. లీగ్ సీజన్‌లో 60 నుంచి 80 ఆటలు ఉంటే గొప్ప; పూట గడవాలంటే జట్టు బస్సెక్కి ఊరూరా తిరిగి, స్థానిక జట్లతో, సైనికులతో, ఎవరు పిలిస్తే వారితో ఆడాల్సిందే. ఆ ఆటలకు స్కోరు పుస్తకం ఉంటే ఉంది, లేకపోతే లేదు. పరిశోధకులు పాత నల్లజాతి పత్రికల్లోని స్కోర్లు ఏళ్ల తరబడి ఏరి కూర్చిన మీదట 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ 1920-1948 నాటి ఏడు నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తించింది. 2024 మే నెలాఖరులో ఆ గణాంకాలను తన రికార్డుల్లో కలిపింది. ఆ ఒక్క రోజుతో జీవితకాలపు బ్యాటింగ్ సగటులో టై కాబ్ 0.367ను గిబ్సన్ 0.372 దాటింది. బ్యాటర్ కొట్టిన దెబ్బల బలాన్ని కొలిచే స్లగింగ్ సగటులో రూత్ 0.690 మీదికి గిబ్సన్ 0.718 వచ్చింది.

దీనితో గిబ్సనే అందరిలోకీ మేటి అని తేల్చేయవచ్చా? అలా తేల్చడం తొందరపాటు అవుతుంది. తక్కువ ఆటల మీద తీసిన సగటు ఎక్కువ ఆటల మీద తీసిన సగటు కంటే పైకీ కిందికీ ఎక్కువగా ఊగుతుంది; పైగా నీగ్రో లీగుల్లో పిచింగ్ స్థాయి జట్టు జట్టుకూ చాలా మారేది. కాని ఈ అభ్యంతరం రెండు వైపులా కోస్తుంది. గిబ్సన్ రూత్ ఎదుర్కొన్న పిచర్లను ఎదుర్కోలేదు నిజమే, రూత్ కూడా గిబ్సన్ ఎదుర్కొన్న మేటి పిచర్ సాచెల్ పేజ్‌ను లీగ్ ఆటలో ఎదుర్కోలేదు. గిబ్సన్ 1947 జనవరిలో, 35 ఏళ్ల వయసులో చనిపోయాడు. రాబిన్సన్ డాడ్జర్స్ దుస్తుల్లో కనిపించడానికి మూడు నెలల ముందు. పేజ్ మాత్రం మిగిలాడు. 1948లో, 42 ఏళ్ల వయసులో, క్లీవ్‌లాండ్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి ఆరు గెలిచి ఒకటి ఓడాడు. మామూలుగా పిచర్లు ఇంటిదారి పట్టే వయసులో ఒకడు వచ్చి ఈ పని చేశాడంటే, పాతికేళ్ల వయసులో అతడిని చూడలేకపోయిన నష్టం ఎవరిదో వేరే చెప్పాలా?

ఇక విల్లీ మేస్. 1954 సెప్టెంబరు 29, వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల తుది పోరు) మొదటి ఆట, న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఎవరూ అవుట్ కాలేదు, క్లీవ్‌లాండ్ ఆటగాళ్లు ఇద్దరు బేసుల మీద ఉన్నారు. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డర్ మేస్ తల మీదుగా లోతుకు దూసుకుపోయింది. మేస్ వెనక్కి తిరిగి, బంతికి వీపు పెట్టి గోడ వైపు పరుగెత్తాడు. భుజం మీదుగా దిగుతున్న బంతిని, ముందుకు చాచిన రెండు చేతుల్లోకి, అప్పుడే పుట్టిన బిడ్డను అందుకున్నట్టు తీసుకున్నాడు. చూసినవాళ్లు సాధారణంగా చెప్పేది ఇంతవరకే. నిపుణులు మెచ్చేది తర్వాతి క్షణాన్ని: పట్టిన ఊపులోనే గిరుక్కున తిరిగి, టోపీ ఎగిరిపడుతుండగా, బంతిని ఇన్‌ఫీల్డ్‌కు విసిరాడు. రెండో బేస్ మీది లారీ డోబీ మూడో బేస్ చేరగలిగాడు గాని హోమ్ చేరలేకపోయాడు. ఆ ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్‌కు ఒక్క పరుగూ రాలేదు.

ఆ ఆట ముగిసిన తీరు కూడా మన ప్రశ్నకు పనికొస్తుంది. పదో ఇన్నింగ్స్‌లో డస్టీ రోడ్స్ మూడు పరుగుల హోమ్ రన్‌తో మేస్ జట్టు జెయింట్స్‌ను గెలిపించాడు. రోడ్స్ కొట్టిన బంతి వెళ్లిన దూరం సుమారు 260 అడుగులు. వెర్ట్జ్ కొట్టినది 420 అడుగులకు పైమాటే. పోలో గ్రౌండ్స్ గుర్రపు నాడా ఆకారంలో ఉండేది. కుడి గీత దగ్గర గోడ 258 అడుగుల్లో, నడిమధ్య 480 అడుగులకు పైన. చిన్న దెబ్బ ఆట గెలిపించింది, పెద్ద దెబ్బ అవుట్ అయింది. మైదానాల కొలతలు ఊరికొకలా ఉండే ఈ ఆటలో హోమ్ రన్ల మొత్తాన్ని పట్టుకుని ఇద్దరిని పోల్చడం ఎంత ప్రమాదమో ఆ ఒక్క సాయంత్రం చూపించింది. మేస్ 660 హోమ్ రన్లు కొట్టాడు. సైనిక సేవలో 1952లో చాలా భాగాన్నీ 1953 మొత్తాన్నీ పోగొట్టుకుని, 1960 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈదురుగాలికి పేరుమోసిన క్యాండిల్‌స్టిక్ పార్కులో ఆడుతూ కొట్టినవి అవి. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారం అతడు వచ్చిన ఆరేళ్లకు, 1957లో గాని మొదలే కాలేదు. అయినా 12 గెలిచాడు.

మేస్‌ను అందరికంటే పైన పెట్టడానికి అసలు కారణం ఈ అంకెలు కాదు. కొట్టడం, దూరం కొట్టడం, పరుగెత్తడం, పట్టడం, విసరడం అనే అయిదు విద్యల్లోనూ అగ్రస్థాయిలో ఉంటూ, అతడు ఆడింది తలుపులు తెరిచిన నేషనల్ లీగ్‌లో. అక్కడ ఆరన్, బ్యాంక్స్, ఫ్రాంక్ రాబిన్సన్, రొబెర్టో క్లెమెంటే, పిచర్లలో బాబ్ గిబ్సన్, శాండీ కోఫాక్స్ ఉన్నారు. ఇన్ని ఎత్తైన చెట్ల మధ్య నిలబడి అందరికంటే పొడుగ్గా కనిపించడం వేరు, సగం నరికిన తోటలో పొడుగ్గా కనిపించడం వేరు. సాధారణ ప్రత్యామ్నాయ ఆటగాడి కంటే జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా తెచ్చాడో కొలిచే ఆధునిక సూచికలో రూత్‌కు 180కి పైగా, మేస్‌కు 156 వరకు వస్తాయి. ఈ తేడా చిన్నది కాదు. కాని ఆ సూచిక తన కాలపు లీగ్ సగటునే కొలబద్దగా తీసుకుంటుంది. ఆ లీగ్‌లోకి ఎవరిని రానివ్వలేదో దానికి తెలియదు. అందుకే ఆధిక్యంలో మొదటి పేరు రూత్‌ది, ఆటలో మొదటి పేరు మేస్‌ది అనడం న్యాయంగా ఉంటుంది.

సగటు స్థాయి పెరిగే కొద్దీ ఒంటరి శిఖరాలు తగ్గుతాయన్న సంగతికి మరో సాక్ష్యం టెడ్ విలియమ్స్. 1941 చివరి రోజున అతడి సగటు 0.39955. కూర్చుంటే 0.400గా లెక్కవేస్తారు, మేనేజర్ కూర్చోమనే అవకాశం ఇచ్చాడు. విలియమ్స్ ఆ రోజు ఫిలడెల్ఫియాలో రెండు ఆటలూ ఆడి, ఎనిమిదికి ఆరు కొట్టి 0.406తో ముగించాడు. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల పూర్తి సీజన్‌లో మరెవరూ 0.400 అందుకోలేదు. బ్యాటర్లు చేవ తగ్గిపోయారని కాదు. పిచర్లూ ఫీల్డర్లూ అందరూ మెరుగై, బలహీనులు లీగ్‌లో మిగలక, మేటికీ సగటుకీ మధ్య ఎడం కుంచించుకుపోయిందని జీవశాస్త్రవేత్త స్టీఫెన్ జే గౌల్డ్ వివరించాడు. విలియమ్స్ రెండు యుద్ధాలకు దాదాపు అయిదు సీజన్లు ఇచ్చుకున్నాడు. ఆయన లెక్కలు ఎన్ని మారేవో ఎవరికి వారు ఊహించుకోవాల్సిందే. కాని 1966లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రోజున, తన గురించి మాట్లాడాల్సిన వేదిక మీద, అవకాశమే దక్కని సాచెల్ పేజ్, జాష్ గిబ్సన్ పేర్లు కూడా ఇక్కడ చేరాలని ఆయన కోరాడు. పేజ్ 1971లో, గిబ్సన్ 1972లో చేరారు. విలియమ్స్ ఆడినంత కాలం అంటిపెట్టుకున్న రెడ్ సాక్స్ జట్టు మాత్రం 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడినీ తీసుకోలేదు. అన్ని జట్లలో ఆఖరిది అదే.

పిచర్లలో మొత్తాల కంటే దూరాన్నే చూస్తే 2000 సీజన్‌లో పెడ్రో మార్టినెజ్ పేరు ముందుకొస్తుంది. హోమ్ రన్లు వానలా కురిసిన ఆ రోజుల్లో అమెరికన్ లీగ్ పిచర్లు సగటున ఆటకు దాదాపు అయిదు పరుగులు ఇచ్చుకుంటుంటే, మార్టినెజ్ 1.74 ఇచ్చాడు. తర్వాతి స్థానంలోని రోజర్ క్లెమెన్స్ 3.70. బాబ్ గిబ్సన్ 1968లో 1.12 ఇచ్చాడు, కాని అది పిచర్లందరూ చెలరేగిన ఏడాది, మరుసటి ఏడాదికి పిచర్ నిలబడే దిబ్బనే 15 అంగుళాల నుంచి 10కి దించాల్సి వచ్చింది.

బ్యారీ బాండ్స్ సంగతి చెప్పకుండా తప్పించుకోలేం. 762 హోమ్ రన్లు, ఒకే సీజన్‌లో 73, ఏడు అత్యంత విలువైన ఆటగాడి పురస్కారాలు. శక్తివర్ధక మందుల వ్యవహారంలో పేరు నలిగింది. తెలిసి వాడలేదన్నది ఆయన వాదన. 2022లో బేస్‌బాల్ రచయితల చివరి ఓటింగ్‌లోనూ 66 శాతమే వచ్చి, కావాల్సిన 75 దక్కక హాల్ ఆఫ్ ఫేమ్ తలుపు దగ్గరే ఆగిపోయాడు. అతడంటే ప్రత్యర్థులకు ఎంత బెదురో చెప్పే ఘటన మాత్రం ఆ ఆరోపణల కాలానికి ముందుది. 1998 మే 28న బాండ్స్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌పై ఆరిజోనా 8-6తో ముందుంది. ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, బేసులు మూడూ నిండి ఉన్నాయి. ఆరిజోనా మేనేజర్ బక్ షోవాల్టర్ బాండ్స్‌కు కావాలనే నాలుగు బంతులు పక్కకు వేయించి, ఊరికే మొదటి బేస్‌కు పంపించాడు. చేజేతులా ఒక పరుగు ఇచ్చి 8-7 చేసుకున్నాడన్నమాట. తర్వాతి బ్యాటర్ క్యాచ్ ఇవ్వడంతో ఆరిజోనా గెలిచింది. 2004లో బాండ్స్‌ను ఇలా ఉద్దేశపూర్వకంగా 120 సార్లు నడిపించారు. అతడికి ముందు ఒక సీజన్‌లో ఆ రికార్డు 45. 1998తో అతడి ఆట ఆగిపోయి ఉన్నా మొదటి పది మందిలో చోటుకు ఢోకా ఉండేది కాదు.

ఇప్పుడు ఆడుతున్నవారిలో షోహే ఒహ్తానీ ఒక్కడే ఈ చర్చలోకి వస్తాడు. 2022లో పిచర్‌గా 15 గెలుపులు, బ్యాట్‌తో 34 హోమ్ రన్లు. 2024లో 54 హోమ్ రన్లకు 59 దొంగిలించిన బేసులు. 2025 అక్టోబరు 17న మిల్వాకీపై నేషనల్ లీగ్ ఫైనల్ ఆటలో ఆరు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా విసిరి, పది మందిని స్ట్రైకవుట్ చేసి, అదే ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టాడు. రూత్ ఈ రెండు పనులూ సమానంగా చేసింది ప్రధానంగా 1918, 1919ల్లోనే, అదీ ఒక్క రంగువాళ్లకే చోటున్న లీగ్‌లో. జపాన్, డొమినికన్ రిపబ్లిక్, వెనెజువెలా నుంచి మేటివాళ్లంతా వచ్చి చేరిన లీగ్‌లో ఒహ్తానీ ఈ పని చేస్తున్నాడు. శిఖరాగ్రంలో అతడి ఆట ఎవరికీ తీసిపోదు. కాని మేస్ తన స్థాయిని ఇరవై ఏళ్ల దాపు నిలిపాడు, ఒహ్తానీ ఇంకా ఆ దూరం నడవాలి.

హాంక్ ఆరన్‌కు ఇక్కడ ఒక్క వాక్యమే మిగలడం అన్యాయం గాని, అతడి 3,771 హిట్లలోంచి 755 హోమ్ రన్లూ తీసేసినా ఇంకా 3,000 దాటే మిగులుతాయన్న లెక్క ఒక్కటే పేజీల పొగడ్తకు సమానం.

మేస్ వృత్తి ఆట 1948లో, 17 ఏళ్ల వయసులో, అలబామాలోని బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్ అనే నీగ్రో లీగ్ జట్టులో మొదలైంది. 2024 మేలో రికార్డులు కలిపినప్పుడు, ఆ కుర్రాడు బారన్స్ సొంత మైదానం రిక్‌వుడ్ ఫీల్డ్ రోజుల్లో కొట్టిన పది హిట్లు అతడి ఖాతాలో చేరాయి. ఆ మైదానంలోనే అతడి గౌరవార్థం మేజర్ లీగ్ ఆట జరగడానికి రెండు రోజుల ముందు, జూన్ 18న, 93 ఏళ్ల వయసులో మేస్ కన్నుమూశాడు. హిట్ల మొత్తం 3,283 నుంచి 3,293కు పెరిగింది. సగటు మాత్రం 0.302 నుంచి 0.301కి తగ్గింది.